ముయ్యి కూడు

ఆ పొద్దు ఆకాశమంతా మోడం కట్టుకుని ఉంది. పెనుకొండ కొండ నెత్తిన మబ్బు కూర్చుని లేవనంటోంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఇంకాసేపట్లో చినుకు రాలుతుందని గొడుగు వెతుక్కుంటారు. ఈరప్పకు ఆ భ్రమ లేదు. కార్తీకం దాటినాక పట్టే మోడం పురుగుకే గాని పైరుకు కాదని వాళ్ళ నాయన గంగన్న అనేవాడు. ఈ ఏడు పురుగు పట్టడానికైనా పైరు లేదు. అది పంతొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం. వేసిన శనగ భూమిలోనే మాడింది. కొర్ర కంకి తీయలేదు. బావి కింద నాటుకున్న రాగులు మాత్రం ఇంత దక్కాయి. ఆ రాగుల సంగటే మూటకట్టి చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్లమ్మడి ఈరప్ప స్టేషనుకు నడిచాడు. చెప్పులు కాలేజీకి. దారికి కాళ్ళు చాలు.

ధర్మవరం నుంచి వచ్చే బెంగుళూరు ప్యాసింజరు పొగ కక్కుకుంటూ ఆగింది. కిటికీ పక్కన గంగాధర కూర్చుని ఉన్నాడు. ధర్మవరంలో ఎక్కి, బల్ల మీద తువ్వాలు పరిచి ఇద్దరికి చోటు పట్టి ఉంచడం అతని అలవాటు. ఆ ఇద్దరిలో ఒకరు ఈరప్ప, రెండోవాడు పెనుకొండ తాలూకాఫీసు బంట్రోతు కొడుకు రంగప్ప. ముగ్గురూ హిందూపురం కాలేజీలో పి.యు.సి. చదువుతున్నారు. రోజూ ఈ బండికే పోవడం, సాయంత్రం బండికి రావడం.

“ఏమప్పా గంగాధరా, నిన్న మీ యత్త ఏం కూర చేసింది? ముందు అది చెప్పు. లెక్కలు తర్వాత,” అన్నాడు రంగప్ప కూర్చుంటూనే.

హిందూపురంలో గంగాధరకు మేనత్త ఉందంట. మధ్యాహ్నం గంట కొట్టగానే మిగతా పిల్లలు కాలేజీ వెనక చెట్టు కింద సద్దిమూటలు విప్పుకుంటే, గంగాధర ఊళ్ళోకి పోయి మేనత్త ఇంట్లో తిని వస్తాడు. వచ్చినాక రంగప్ప అడక్కుండా వదలడు, గంగాధర చెప్పకుండా ఉండడు. ఎండిన సంగటి తిన్నవాళ్ళకు ఆ కూరల ముచ్చట నంజుకున్నట్లుండేది.

“నిన్ననా? పితికిపప్పు పులుసు,” అన్నాడు గంగాధర. “అనపగింజలు మొన్న రాత్రే నానబెట్టిందంట. పొద్దున్నే పొట్టంతా పితికి, కొబ్బరి, గసగసాలు నూరి ఏసింది. ముద్ద మీద పోస్తే ముద్ద మునిగిపాయ.”

“చెప్పొద్దప్పా, నోట్లో చెరువు తెగుతాండాది,” అన్నాడు రంగప్ప. “అయినా మేనత్త ఊరికే పెట్టదే. కూతురుండాదా?”

“ఉండాది.”

“ఏం చదువుతాంది?”

“మూడో క్లాసు.”

పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. “అయితే ఇంకో పదేండ్లు నీకు పితికిపప్పుకు కరువు ల్యాదు పో,” అన్నాడు రంగప్ప.

ఈరప్ప కూడా నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. కిటికీలోంచి బయటికి చూశాడు. పరుగెత్తే చేలన్నీ బోడిగా ఉన్నాయి. సాళ్ళ నడుమ అనపతీగ పాకాల్సిన కాలం. మంచుకు తడిసిన అనపకాయ వాసన ఊరి వీధుల్లోకి కూడా వచ్చేది, పోయినేడు. ఈ ఏడు తీగ మోకాలెత్తు లేవకుండానే ఎండింది. పూతే రాలేదు. మరి మేనత్తకు అనపగింజలు యాడివి?

గంగాధరది నేతపని ఇల్లు. మగ్గం గుంతలో పుట్టి పెరిగినవాడికి ఏ పంట ఏ నెలలో వస్తుందో వినికిడి ఉంటుంది గాని, ఏ ఏడు వచ్చింది, ఏ ఏడు రాలేదు అన్నది తెలియదు. గంగాధర అక్కడ తప్పాడు. ఈరప్ప ఆ మాట పైకి అనలేదు. అతనిది మాట పొదుపు. నోటిదాకా వచ్చిన మాటను కూడా నమిలి నమిలి, అవసరం లేదనిపిస్తే మింగేస్తాడు.

కాలేజీలో చేరిన కొత్తలో గంగాధరను చూసి ఈరప్పకు ఆశ్చర్యం. పోగులు లెక్కపెట్టే ఇంట్లో పుట్టినవాడికి అంకెలంటే భయం ఉండదేమో. ఈరప్ప ఇంగ్లీషులో లెక్క చదవడం ముగించేలోపల అతను జవాబు చెప్పి, బండి కదులుతుండగానే దాన్ని తెలుగులో విప్పి చెప్పేవాడు. పల్లె బడిలో చదివిన ఈరప్పకు ఆ రైలుపెట్టే అసలు కాలేజీ. అది లేకపోతే మార్చి పరీక్ష గట్టెక్కేది కల్ల అని అతనికి తెలుసు.

ఈ మధ్య గంగాధర మారాడు. పుస్తకం తెరిస్తే తెరిచిన పుట అట్లే ఉంటుంది. కూడాల్సిన చోట తీసేస్తాడు. తప్పు చూపిస్తే విసుక్కుంటాడు. బండి దిగేటప్పుడు కమ్మి పట్టుకుని కాసేపు నిలబడతాడు. ఏమప్పా అంటే ఎండ అంటాడు. చలికాలంలో ఎండ. పోయిన వారం లెక్కల లెక్చరర్ బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని నిలబడి, ఏం రాయాలో మరిచిపోయాడు. “సినిమాలు ఎక్కువైనట్లున్నాయే,” అన్నాడాయన. క్లాసంతా నవ్వింది. గంగాధర సుద్దముక్కను మెల్లగా బల్ల మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు.

మేత తగ్గిన ఎద్దును ఈరప్ప ఎరుగును. అది ముందు చిక్కదు. ముందు దానికి కోపం వస్తుంది. తర్వాత సాలు వంకరపోతుంది. ఎముకలు కనపడేది ఆఖరున.

ఆ మధ్యాహ్నం ఈరప్ప మూట విప్పకుండా హిందూపురం మార్కెట్టుకు పోయాడు. కూరగాయల గంప ముందర కూర్చున్న ఒకామెను అడిగాడు.

“అనపకాయ ఉండాదా అక్కా?”

“ఏ ఊరప్పా నీది?”

“పెనుకొండ కాడ.”

“మీ పక్క కాసిందా?”

“ల్యా.”

“మరి నా గంపలో యాడిది కాస్తాది? మడకశిర పక్కనుంచి గూడా రాల్యా. దుడ్లు ఎన్ని పెడ్తానన్నా ఈ ఏడు దాని మొగం చూడలేవు. వంకాయ తీస్కపో, బాగుండాయి.”

వంకాయ తీసుకోకుండా వెనక్కి తిరిగాడు. చింతపండు మండీ పక్కన, ఎద్దులు విప్పిన బండి నీడలో గంగాధర కనపడ్డాడు. ఒళ్ళో పుస్తకం ఉంది. చూపు పుస్తకంలో లేదు. బండివాళ్ళు అవతల కూర్చుని సద్ది తింటున్నారు. వాళ్ళ చేతులు పైకి పోవడం, కిందికి రావడం చూస్తున్నాడు. చూస్తున్నానని తెలిసినట్లు ఉలికిపడి మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి లేచి కొళాయి దగ్గరికి పోయి దోసిలి పట్టాడు. తాగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగాడు. మూతి తుడుచుకున్నాడు. దారి పక్కన వేపకొమ్మ నుంచి చిన్న పుల్ల విరిచి, దానితో పళ్ళు కుట్టుకుంటూ కాలేజీ వైపు నడిచాడు.

ఈరప్ప మండీ గోడ చాటున నిలబడి అంతా చూశాడు.

“ఈ పొద్దు ఏం కూర?” అని, అతను కాలేజీకి తిరిగొచ్చేసరికి, చెట్టు కింద రంగప్ప గొంతు.

“ఆకుకూర పప్పు. నెయ్యి ఎక్కువేసింది, జారిపోతాండాది,” అన్నాడు గంగాధర.

ఆ సాయంత్రం ఈరప్ప ఇంటికి పోయి, “అమ్మా, రేపట్నుంచి ఇంకో ముద్ద ఎక్కువ కట్టు,” అన్నాడు.

“యాలప్పా, కడుపులో పురుగులు పడినాయా?” అంది అక్కమ్మ.

“ఆకలయితాండాది.”

అక్కమ్మ కొడుకు మొహం చూసింది. మరుసటి రోజు రెండు మూటలు కట్టింది.

ఈరప్ప చేసిన తప్పు ఏమిటంటే, ఆ రెండో మూటను గంగాధర చూడకుండా అతని సంచిలో దూర్చడం. అడిగి పెడితే వద్దంటాడని, చూస్తే తింటాడని అనుకున్నాడు. గంగాధర మూటను మధ్యాహ్నం మార్కెట్టు దారిలో చూసుకున్నట్లున్నాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్లే చెట్టు కిందికి తిరిగి వచ్చాడు. మూట చేతిలో ఉంది.

“ఇదెవురిది?”

“నాదే,” అన్నాడు ఈరప్ప.

“నా సంచిలోకి యాల వచ్చింది?”

“నీకే పెట్టినా.”

“నేనడిగితినా?” గంగాధర గొంతు పైకి లేవలేదు. “మీ ఇంట్లో కుక్క ల్యాదా ఈరప్పా? ఎక్కువైంది దానికి పెట్టుకో.”

రంగప్పకు సంగతి తెలియదు. అతను ఎప్పటి మాదిరే నవ్వుతూ, “మేనత్త కూరలు తిని తిని బలిసినాడప్పా వీడు. మన సంగటి కంటికి ఆనుతుందా?” అన్నాడు.

గంగాధర రంగప్ప వైపు చూశాడు. ఆ చూపు చూసి రంగప్ప నవ్వు ఆపేశాడు. గంగాధర మూటను ఈరప్ప కాళ్ళ దగ్గర పెట్టి, ఇటు మళ్ళీ చూడకుండా పోయాడు. సాయంత్రం బండిలో వేరే పెట్టె ఎక్కాడు. మరుసటి పొద్దు కిటికీ పక్కన తువ్వాలు లేదు. ఆ తర్వాత గంగాధరే లేడు.

వారం దాటింది. సెలక్షన్ పరీక్ష దగ్గరికొచ్చింది. దానికి కూర్చోనివాళ్ళను పబ్లిక్ పరీక్షకు పంపరు. లెక్చరర్ హాజరు పిలుస్తూ గంగాధర పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు పోయాడు. చెట్టు కింద రంగప్ప నెమ్మదిగా అన్నాడు.

“వాళ్ళ వీధి అబ్బాయొకడు బండిలో కలిసినాడు. గంగాధర చదువు మానేసి మగ్గంలో కూసున్నాడంట. నాకు బుర్ర పనిచేయడంల్యా, ఇంక చదువు ఎక్కదు అని చెప్పినాడంట వాళ్ళ నాయనకు.”

“బుర్రకేమైంది? బంగారట్లాంటి బుర్ర,” అన్నాడు ఈరప్ప.

“ఆ మేనత్తన్నా చెప్పకూడదా?”

“మేనత్త ల్యాదు రంగప్పా.”

“ల్యాదా? చచ్చిపాయనా?”

“ఎప్పుడూ ల్యాదు.”

రంగప్ప నోట్లో పెట్టుకున్న ముద్ద అట్లే ఉండిపోయింది. కాసేపటికి మింగాడు. “మరి ఆ కూరలన్నీ?”

“చెప్పినాడు. తిన్ల్యా.”

రంగప్ప ముందర ఉన్న సంగటి సగం అట్లే ఉండగా గుడ్డ మడిచి మూట కట్టేశాడు. తర్వాత చాలా సేపు మట్టిలో పుల్లతో ఏదో గీస్తూ కూర్చున్నాడు.

శనివారం కాలేజీకి సెలవు. ఈరప్ప వాళ్ళ బావిలో పూడిక తీస్తున్నారు. నీళ్ళు అడుగంటిన ఏడు ఊళ్ళో ప్రతి బావినీ లోతు చేయాల్సిందే. కూలి పెట్టే శక్తి ఎవరికీ లేదు. అందుకని ముయ్యాళ్ళు. ఈ పొద్దు మీరు మా బావిలో దిగితే, రేపు మేము మీ బావిలో దిగుతాం. చేతికి చెయ్యి బదులు. ఎవరి పని జరిగితే ఆ రోజు అందరి కూడూ ఆ ఇంటిదే. వానలున్న ఏడు కలుపుకు, కోతకు కూడా ఇదే కట్టుబాటు.

ఆ రోజు దిగినవాళ్ళలో పోతులయ్య ఉన్నాడు. గంగన్నకూ పోతులయ్యకూ చేని గెనిమ గట్టు మీద తగాదా వచ్చి మాటలు లేవు. దారిలో ఎదురైతే ఒకరు వేపచెట్టును, ఒకరు కొండను చూస్తారు. మధ్యాహ్నం అక్కమ్మ సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చి గట్టు మీద అందరికీ వడ్డించింది. పోతులయ్య మట్టికాళ్ళతో ముందు వరసలో కూర్చున్నాడు. ఒక ముద్ద అయింది. రెండోది అయింది.

“ఏమమ్మా అక్కమ్మా, ఊరుబిండి దాచిపెట్టుకుంటాండావే, ఎవురికి? ఎయ్యి ఇంకింత,” అన్నాడు.

అక్కమ్మ వేసింది. గంగన్న మాట్లాడలేదు గాని మజ్జిగ కుండను పోతులయ్య వైపు జరిపాడు. పోతులయ్య ఎత్తి తాగి, తేన్చి, మళ్ళీ బావిలోకి దిగాడు. సాయంత్రం పోయేటప్పుడు ఎప్పటి మాదిరే వేపచెట్టు వైపు చూసుకుంటూ పోయాడు.

“నాయనా, మాటల్లేకుండా పోతులయ్య మామ మనింట్లో ఎట్ల తిన్నాడు?” అని అడిగాడు ఈరప్ప, కాళ్ళు కడుక్కునేటప్పుడు.

“మన బావిలో దిగినాడు గదా.”

“సిగ్గనిపియ్యదా?”

“సిగ్గెందుకు? వాడు తినేది వాని ఆకలికని ఎవురన్నారు? మన మర్యాదకు. ముయ్యికొచ్చినోడు కూడు ముట్టకుండా పోతే, రేపు మన గట్టు ఎవడెక్కుతాడు?”

గంగన్న ఆ ఏడంతా మాట్లాడిన మాటల్లో అదే పెద్దది. ఈరప్ప ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాడు. ఏం చేయాలో అతనికి తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున ధర్మవరం పోయే బండి ఎక్కాడు. చేతిలో మూట లేదు. ఉత్త చేతులతోనే పోవాలని అనుకున్నాడు. ధర్మవరంలో మగ్గాల వీధులను చెవితో వెతుక్కోవచ్చంటారు. ఆ రోజు వీధి పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి మగ్గం చప్పుడు తప్ప లేదు. పట్టు రావడం తగ్గి, షావుకార్లు ఇచ్చేది కొంచెం కొంచెంగా ఇస్తున్నారు. మనిషిని అడిగి ఇల్లు తెలుసుకుని గడప ముందర నిలబడ్డాడు.

లోపల గంగాధర మగ్గం గుంతలో ఉన్నాడు. అతని నాయన బాలప్ప గోడకు ఆనుకుని కండె చుడుతున్నాడు. ఇద్దరి చెంపలూ ఒకే తీరున లోపలికి పోయి ఉన్నాయి.

“ఈరప్పా, నువ్వేంది ఈడ?” అన్నాడు గంగాధర, మగ్గం మీద చెయ్యి తీయకుండానే తలెత్తి.

“పనుండి వచ్చినా.”

“నాతోనా?”

“నీతోనే. పర్ముటేషన్లు నాకు ఎక్కడంల్యా. సెలక్షన్ నెత్తిమీదికొచ్చె. ముయ్యి అడగను వచ్చినా.”

“ముయ్యా? అది చేన్ల కాడ గదప్పా,” అన్నాడు బాలప్ప.

“చేనైతే ఏం, చదువైతే ఏం చిన్నాయనా? రెండూ దున్నేదే. మధ్యాన్నం పూట చెట్టు కింద మీవోడు నాకు లెక్కలు చెప్పల్ల. పని నాది, కాబట్టి కూడు నాది. మా పక్క కట్టడి అది. ముయ్యికొచ్చినోడు తినకుండా పోతే మా నాయన నన్ను గడప తొక్కనీడు.”

గంగాధర గుంతలోంచి లేచాడు. మొహం గట్టిపడింది. “మళ్ళీ నా సంచిలో మూట పెట్టను వచ్చినావా?”

“ఆ పొద్దు పెట్టింది దొంగతనం. తప్పే. ఈ పొద్దు మీ నాయన ముందర అడుగుతాండా.”

పక్క గదిలో పాత్రల చప్పుడు ఆగింది. గంగాధర తల్లి వెంకటసుబ్బమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

“నిజం చెప్తాండా ఈరప్పా,” అన్నాడు గంగాధర. ఈసారి గొంతులో కోపం లేదు. “నా బుర్ర పోయింది. పుస్తకం తెరిస్తే అంకెలు కండ్ల ముందర ఈత కొడ్తాండాయి. చదివింది చదివినట్లే జారిపోతాంది. బోర్డు కాడ నిలబడినప్పుడు నా పేరు అడిగినా చెప్పలేకపోదును. నేను నీకేం చెప్తా? ఇద్దరం మునుగుతాం.”

“మా తెల్లెద్దు పోయినేడు ఎండాకాలంలో సాలు తప్పె. దాని బుర్ర పోయిందని మా నాయన సంతకు తోలినాడా? మేత పెట్టినాడు. ఇప్పుడు ముందర నడిచేది అదే.”

“నన్ను ఎద్దంటావా?”

“ఎద్దంటే తక్కువా? మా ఊర్లో నాకంటే దానికే మర్యాద.”

వెంకటసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాలప్ప కండె పక్కన పెట్టి కొడుకు వైపు చూశాడు. ఆ చూపులో అడగాల్సినది చాలా ఉంది. పొద్దున్నే ఖాళీ సంచితో బండెక్కిన కొడుకు, హిందూపురంలో దోస్తుల దగ్గర తింటున్నానని ఇంట్లో చెప్పేవాడు. అక్కడ మేనత్త, ఇక్కడ దోస్తులు. రెండూ ఇప్పుడు ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి. బాలప్ప ఏమీ అడగకుండా కండె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“ముయ్యంటే ఒక పక్క జరిగేది కాదు,” అన్నాడు గంగాధర చివరికి. “నేను నీ పనికొస్తే, నువ్వు మా పనికి రావల్ల. మా ఇంట్లో పని యాడుండాది? చూడు, ఊరే పండుకోనుండాది.”

ఈరప్ప అంతదాకా ఆలోచించి రాలేదు. గంగాధర ఆ మాట తెగేసి చెప్పి మళ్ళీ గుంతలోకి దిగబోయాడు. ఈ గడప దాటి ఉత్తగా వెనక్కి పోతే రేపు కిటికీ పక్కన ఎవరూ ఉండరని, ఎల్లుండి కూడా ఉండరని ఈరప్పకు తెలిసింది.

“యాల ల్యాదు పని?” అంది వెంకటసుబ్బమ్మ. “షావుకారు ఇచ్చిన పడుగు అట్లే ఉండాది గదా. వీధిలో సాపల్ల. చెయ్యి చాలక పక్కింటోళ్ళను పిలుస్తామంటిమి. ఈ అబ్బి పట్టుకుంటే సరిపోతాది.”

బాలప్ప లేచాడు. “అవునప్పా. పని ఉండాది,” అన్నాడు.

పడుగును వీధిలో బారుగా పరిచారు. రెండు కొసల్లోనూ కట్టెకు చుట్టిన పట్టుపోగులు ఆ ఇంటి నుంచి నాలుగిళ్ళ అవతలికి సాగాయి. ఈరప్ప ఆశగా పోగుల మీద చెయ్యి వేశాడు. అరచేతి కాయలకు పట్టుపోగులు తగులుకుని ఊడి రాలేదు.

“పోగు ముట్టొద్దు నాయనా,” అంది వెంకటసుబ్బమ్మ పరుగున వచ్చి, ఒక్కో పోగూ విడిపిస్తూ. “నీ చేతులు పారకు పుట్టినాయి. కట్టె పట్టుకో చాలు. గుంజి పట్టుకో. వదిల్నావంటే అంతా చిక్కుబడి పోతాది.”

“ఎద్దుల పగ్గం పట్టుకున్నట్లేనా చిన్నమ్మా?”

“పగ్గమే అనుకో.”

అతను కాళ్ళు నేలకు ఆనించి వెనక్కి వాలి పట్టుకున్నాడు. అవతలి కొసన వెంకటసుబ్బమ్మ పట్టుకుంది. బాలప్ప, గంగాధర పడుగుకు చెరొక పక్కన నడుస్తూ పోగులు విడదీసి, తెగినచోట ముడివేసుకుంటూ పోయారు. మబ్బు చాటున ఎండ పల్చగా ఉంది. పుస్తకంలో అంకెలు కనపడని గంగాధరకు వెంట్రుకంత పోగు తెగింది కనపడుతోంది. ముడి వేస్తే ఎక్కడ వేశాడో కనపడడం లేదు. ఈరప్ప దూరం నుంచే అది చూస్తూ ఉన్నాడు.

సగం దూరం వచ్చాక గంగాధర ఆగాడు. పడుగు పక్కనే నేల మీద కూలబడి, తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. బాలప్ప వేళ్ళ నడుమ విడదీసిన పోగులున్నాయి. వదిలితే పొద్దటి పనంతా పోతుంది. ఈరప్ప కట్టె వదిలి పరుగెత్తబోయాడు. వదిలితే ఆ నెల తిండి మట్టిలో పడుతుంది. చేతులు ఇంకా బిగించి, ఇంకా వెనక్కి వాలి, అట్లే నిలబడ్డాడు. ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడి గంగాధరను చూస్తున్నారు. కాసేపటికి గంగాధర చెయ్యి నేలకు ఆనించి లేచాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆపిన పోగు దగ్గరే మళ్ళీ వేలు పెట్టాడు.

పని అయ్యేసరికి పొద్దు నెత్తిమీదికి వచ్చింది. పడుగును చుట్టి లోపల పెట్టాక గంగాధర ఈరప్ప దగ్గరికి వచ్చాడు. అతని అరచేతుల్లో కట్టె ఒరుసుకున్న ఎర్రటి గీతలు చూశాడు.

“రేపటి బండికి వస్తా,” అన్నాడు. “మధ్యాన్నం లెక్కలు చెప్తా. నువ్వు పెట్టింది తింటా. అయితే ఈ పొద్దు నువ్వు మా ఇంట్లో తినల్ల. చాలు అని ముందుగా చెయ్యి అడ్డం పెట్టకూడదు.”

“పెట్టను,” అన్నాడు ఈరప్ప.

వెంకటసుబ్బమ్మ లోపల జొన్నసంగటి కెలికింది. ఆ పిండి ఏ పూట కోసం దాచిందో ఎవరూ అడగలేదు. ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు కాల్చి ఉప్పేసి నూరింది. మూడు పళ్ళేల్లో మూడు ముద్దలు పెట్టి, కుండ దగ్గర తను కూర్చుంది.

ఈరప్ప పళ్ళేలు చూశాడు. “చిన్నమ్మా, ఆ కొసన కట్టె పట్టింది నువ్వు గదా. పని చేసినోళ్ళంతా ఒక్కసారే కూర్చునేది మా పక్క.”

“నేను తర్వాత తింటా లేప్పా.”

“అట్లయితే నేనూ తర్వాతే తింటా.”

ఆమె మొగుని వైపు చూసింది. బాలప్ప కాస్త పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. ఆమె లేచి ఇంకో పళ్ళెం తెచ్చింది. మూడు ముద్దలను విప్పి, చేయి తడుపుకుని, నాలుగు చేసింది. అవి కొంచెం చిన్నవయ్యాయి. ఒక్కో పళ్ళెంలో ఒక్కోటి పెట్టి, పక్కన కారం పెట్టింది.

గంగాధర ఈరప్ప చేతి వైపు చూస్తున్నాడు. ఈరప్ప ముద్దలో వేలు గుచ్చి తుంచి, కారం అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు గంగాధర తుంచాడు. తర్వాత బాలప్ప. ఆఖరున వెంకటసుబ్బమ్మ. కారం నషాళానికి అంటింది. ఈరప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మంచినీళ్ళ చెంబు అతని వైపు జరిపింది. అతను తాగి గంగాధరకు ఇచ్చాడు. గంగాధర ఒక్క గుక్కే తాగి చెంబు కింద పెట్టి, మళ్ళీ ముద్ద మీదికి చెయ్యి పెట్టాడు. నలుగురూ తలలు వంచుకుని తింటున్నారు.